కాదనగలిగినవారి సంతకం



గుజరాత్ బార్డోలీలో మాట్లాడడానికి నిలబడిన మనిషికి 1928 గుర్తుకు రాక మానదు. ఇక్కడి రైతుల సత్యాగ్రహానికి ఆ ఏడు ఆగస్టులో దక్కిన విజయం గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. నాకు కావలసింది ఫిబ్రవరి మొదటి వారాలు. భూమిశిస్తు 22 శాతం పెంచితే ఇక్కడి రైతులు వల్లభ్‌భాయి పటేల్‌ను పిలిపించుకున్నారు. ఫిబ్రవరి 4న ఆయన వచ్చి అందరినీ కూర్చోబెట్టి, శిస్తు కట్టకపోతే ఏమవుతుందో దాచకుండా చెప్పారు. పొలాలు జప్తు అవుతాయి, గేదెలు వేలానికి పోతాయి, జైలుకు వెళ్ళాల్సి రావచ్చు. సభలో ఊపు మీద వచ్చిన మాటను ఆయన పట్టుకోలేదు. ఊళ్ళకు వెళ్ళి ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోండని కొన్ని రోజులు గడువిచ్చారు. 12న తిరిగి వచ్చి మళ్ళీ అడిగారు. అప్పుడు ప్రతిజ్ఞ జరిగింది.

రాబోయే నష్టం చెప్పడం, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వడం, తిరిగి అడగడం. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనకు అంగీకారం తీసుకోవాల్సిన తీరు కూడా ఇదే. న్యూరెంబర్గ్ నియమావళి 1947 నాటిది, హెల్సింకి ప్రకటన 1964 నాటిది. మొదటిదానికి పందొమ్మిదేళ్ళ, రెండోదానికి ముప్పై ఆరేళ్ళ ముందే ఈ తాలూకాలో రైతులను అడిగిన పద్ధతికి అవి దగ్గరగా ఉన్నాయి.

అయితే ఆనాడు ప్రతిజ్ఞ చేసినవాళ్ళు భూమి ఉన్నవాళ్ళు. అదే పొలాల్లో దుక్కి దున్ని, కలుపు తీసిన దుబ్లాలు, ఇప్పుడు హళపతులని పిలుచుకుంటున్నవాళ్ళు, పెళ్ళికి చేసిన అప్పు కింద యజమాని ఇంట హాలీలనే వెట్టి పాలేర్లుగా చేరి, ఆ అప్పు తీరకుండానే ముసలివాళ్ళయ్యేవారు. శిస్తు కట్టేది వాళ్ళు కాదు కనక ఆ ప్రశ్న వాళ్ళ దాకా రాలేదు. వెట్టిని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. ఒకే ఊళ్ళో ఒక వీధికి కాదనే బలం ఉంది, పక్క వీధికి లేదు. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నదంతా ఆ రెండు వీధుల మధ్య తేడా గురించే. మనుషుల మీద పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు అంగీకార పత్రం బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆ పత్రం ఎవరి చేతికి వెళుతుందో, ఆ మనిషికి వద్దు అనే వీలుందా, అన్నాక ఆ సాయంత్రం ఆ మనిషికి ఏమవుతుంది అన్నది మొదటి ప్రశ్న. మన దేశంలో చాలా కమిటీలు రెండో ప్రశ్న మీద గంటలు గడిపి, మొదటిదాన్ని అడగకుండానే ఫైలు మూసేస్తున్నాయని నా బాధ.

ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది మా జిల్లాయే. నేను ఖమ్మం జిల్లా మనిషిని. 2009 జూలైలో మా జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ మీద టీకా అది. మరుసటి నెలలో ఇదే గుజరాత్‌లో, అప్పటి వడోదర జిల్లా దభోయి, శినోర్, కవాంట్ తాలూకాల్లో అదే పని మొదలైంది. అక్కడ గార్డసిల్, ఇక్కడ సర్వరిక్స్. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, తోడు నిలిచినవి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 14,091 మంది, గుజరాత్‌లో 10,686 మంది పిల్లలు టీకా వేయించుకున్నారు. తెలుగువాళ్ళకూ గుజరాతీలకూ ఈ విషయంలో ఉమ్మడి చరిత్ర ఉంది. అందుకే ఈ ఊళ్ళో ఈ మాట చెప్పడం నాకు ముఖ్యం.

ఆరు నెలల్లో మూడు డోసులు వేయాలి. మూడుసార్లూ అదే పిల్ల దొరకాలి. గోదావరి అడవుల్లోని గూడేల్లో ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళడం కష్టం. ఆశ్రమ పాఠశాలల్లో, గిరిజన హాస్టళ్ళలో పిల్లలు వరసగా దొరుకుతారు, వార్డెన్ పిలిస్తే వస్తారు, ఆరు నెలల తర్వాత కూడా అక్కడే ఉంటారు. పని నడిపేవాళ్ళకు ఇంతకంటే సుళువైన చోటు ఇంకేముంటుంది? ఆ సుళువును చూసిన చోటనే ఎథిక్స్ కమిటీ సభ్యులకు గుండె ఆగి ఉండాల్సింది. ఎవరిని పట్టుకోవడం పరిశోధకుడికి తేలికో, వాళ్ళకు తప్పించుకోవడం కష్టం.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి సమా అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం ప్రాంతానికి వెళ్ళి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఇంట్లోవాళ్ళకు తెలియకుండానే టీకా పడిపోయిన సంగతులు బయటికి వచ్చాయి. టీకా వేయించుకున్న పిల్లల్లో ఏడుగురు చనిపోయారు, ఆంధ్రలో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసి విచారణ సంఘం వేసింది. పాముకాటు, మలేరియా, నీట మునగడం, పురుగుమందు వంటివి ఆ మరణాలకు కారణాలని, టీకాతో సంబంధం కనిపించలేదని ఆ సంఘం తేల్చింది. ఈ మాటను నేను గట్టిగా చెబుతున్నాను. ఆ టీకా ప్రాణాలు తీసిందని ఇప్పటికీ మా ఊళ్ళలో అనుకునేవాళ్ళు ఉన్నారు. దానికి ఆధారం లేదు. మన ఆడవాళ్ళను ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్న క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒకటి. దాన్ని చాలావరకు ఆపగల టీకా అది.

అంగీకార పత్రాల సంగతి మాత్రం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. గుజరాత్‌లో 6,217 పత్రాలకు 3,944 వేలిముద్రలు. వేలిముద్ర తప్పు కాదు, చదువురాని మనిషికీ నిర్ణయించుకునే తెలివి ఉంటుంది. కానీ వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి, చెప్పింది చెప్పినట్టు విన్నారా, అడగాల్సింది అడగనిచ్చారా అని చూసి తానూ సంతకం పెట్టాలి. ఇక వార్డెన్ల మాట. వార్డెన్ తండ్రి కాదు. ప్రభుత్వోద్యోగి. పైనుంచి వచ్చిన కార్యక్రమానికి వద్దని రాయగలిగే స్థితి ఆయనకే లేదు. తనకే లేని స్వేచ్ఛను 2,763 మంది పిల్లల తరఫున ఆయనలాంటివాళ్ళు వాడినట్టు కాగితాలు తయారయ్యాయి.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని చాలా తీవ్రంగా తప్పుపట్టింది. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, దేశంలో అనుమతి వచ్చిన టీకాను ఎలా అందించాలో చూసే ప్రయోగాత్మక కార్యక్రమం మాత్రమే అని నడిపినవాళ్ళ వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది. నన్ను కలవరపెట్టేది అక్కడే. టీకా కార్యక్రమం అంటే గ్రామంలో నర్సమ్మ వచ్చి వేసి వెళుతుంది, అంగీకార పత్రం ఉండదు. పరిశోధన అంటే పత్రం ఉంటుంది, బీమా ఉంటుంది, దుష్ప్రభావం వస్తే రాసి పంపే ఏర్పాటు ఉంటుంది. ఖమ్మంలో పత్రాలున్నాయి గనక అది పరిశోధనలా కనిపించింది. పిల్లలకు, టీచర్లకు అది సర్కారు టీకాలా చెప్పారు. రెండింటి మధ్య నిలబడిన పిల్లకు ప్రశ్న అడగడానికి తావు దొరకలేదు. దస్త్రాల్లో ఎథిక్స్ కమిటీ ఆమోదాలు లేకపోలేదు. ఆమోదం ఇచ్చాక ఆ హాస్టళ్ళ గడప తొక్కి చూసినట్టు నాకు కనబడలేదు.

దాని ఫలితం చాలాకాలం వెంటాడింది. హెచ్‌పీవీ అంటే చాలు చాలా రాష్ట్రాలు వెనకడుగు వేశాయి. 2018లో సిక్కిం మాత్రం రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఇదే టీకా వేసింది. బడిలో టీచర్లకు, ఇళ్ళలో తల్లిదండ్రులకు ముందుగా చెప్పి, సందేహాలు విని, ఆ తర్వాత వేసింది. దాదాపు అందరూ వేయించుకున్నారు. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ప్రకటించింది. 2009లో గూడేనికి వెళ్ళి తల్లిని కూర్చోబెట్టి చెప్పడానికి సమయం లేదనుకున్నారు. అక్కడ మిగుల్చుకున్న కొన్ని వారాలకు దేశం కట్టిన మూల్యం ఏళ్ళలో ఉంది. పరిశోధన వేగానికి ఎథిక్స్ కమిటీ అడ్డమని ఎవరైనా అంటే నేను ఈ లెక్క ముందు పెడతాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. 1976 నుంచి ఢిల్లీలో ఐసీఎంఆర్‌కు చెందిన సంస్థ ఒకటి గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్న 1,158 మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. మార్పులు ఎలా ముదురుతాయో తెలుసుకోవడం ఉద్దేశం. కొందరికి అవి క్యాన్సర్‌గా మారాయి. 1997లో ఆ సంగతి పత్రికలకెక్కింది. అమెరికాలో టస్కీగీ గురించి ప్రపంచమంతా చదువుకుంటుంది. నల్లజాతి పురుషుల సిఫిలిస్‌ను 1932 నుంచి 1972 దాకా వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్నారని మన వైద్య విద్యార్థులు పరీక్షల్లో రాస్తారు. ఢిల్లీ స్త్రీల గురించి వాళ్ళకు చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. ఐసీఎంఆర్ మొదటి నైతిక విధాన ప్రకటన 1980లో, ఆ అధ్యయనం జరుగుతుండగానే వచ్చింది. 2000లో మార్గదర్శకాలు, 2006లో సవరణ, 2017లో ఇప్పుడు మనం పాటిస్తున్న జాతీయ మార్గదర్శకాలు. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చట్టబలంతో వచ్చాయి. నియమాల కొరత ఇప్పుడు లేదు.

ఇక బార్డోలీకి వద్దాం. ఇక్కడి ఫార్మసీ, నర్సింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు రేపో ఎల్లుండో ఇక్కడి మనుషుల మీదే ప్రాజెక్టులు చేస్తారు. ఇక్కడ పరిశోధించదగ్గ జబ్బులకు కొదవ లేదు. వానాకాలం వరిమళ్ళలో, చెరకు తోటల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో కాళ్ళు నానబెట్టి పనిచేసేవాళ్ళకు లెప్టోస్పైరోసిస్ వస్తుంది. సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాలు 1990ల నుంచి దీంతో పోరాడుతున్నాయి. వానాకాలంలో పొలం పనివాళ్ళకు వారానికోసారి డాక్సీసైక్లిన్ బిళ్ళ ఇస్తారు. ఆ బిళ్ళ ఎంతమంది మింగుతున్నారు, ఎంతమంది జేబులో వేసుకుంటున్నారు, మింగినవాళ్ళలో జబ్బు ఎంత తగ్గింది అని ఒక విద్యార్థిని అధ్యయనం చేయదలుచుకుందనుకుందాం. మంచి ప్రశ్నే, ప్రాణాలు కాపాడే ప్రశ్న.

ముందు ప్రొటోకాల్ రాయాలి. గైడ్ చూడాలి. శాస్త్రీయ కమిటీ, ప్రశ్నకు ఈ పద్ధతిలో జవాబు దొరుకుతుందా అని చూడాలి. ఇది చాలామందికి అర్థం కాదు గానీ, పద్ధతి చెడ్డదైతే ఆ పరిశోధన అనైతికమే. ఫలితమే రాని పనికి ఒక కూలీ రక్తం తీయకూడదు. తర్వాత ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు. ప్రొటోకాల్, పాల్గొనేవారికి ఇచ్చే సమాచార పత్రం, అంగీకార పత్రం, వాటి అనువాదాలు, ప్రశ్నావళి, బడ్జెట్, పరిశోధకుల అర్హతలు, హామీపత్రం. రక్తం తీయకుండా, ఎవరి పేరూ లేకుండా మామూలు ప్రశ్నలే అయితే ఒకరిద్దరు సభ్యులు చూసి త్వరగా తేల్చవచ్చు. లెప్టోస్పైరోసిస్‌ను రక్తపరీక్షతో నిర్ధారించాలంటే జ్వరం వచ్చినప్పుడు ఒకసారి, రెండు వారాలకు మరోసారి రక్తం తీసి యాంటీబాడీలు పెరిగాయో లేదో చూడాలి. అది పూర్తి కమిటీ ముందుకే వెళ్ళాలి. ఆమోదం రాకముందు ఒక్క మనిషిని కూడా చేర్చుకోకూడదు. పని అయిపోయాక వచ్చి పాత తేదీతో అనుమతి ఇవ్వమని అడిగే అలవాటు మన కాలేజీల్లో ఇంకా పోలేదు. ఏ కమిటీకీ అలా ఇచ్చే అధికారం లేదు.

కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, కూర్చునేటప్పుడు కనీసం అయిదుగురు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి, సగం మందైనా బయటివారు కావాలి. వైద్యులతోపాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం వంటివి తెలిసినవారు, స్త్రీ, సామాన్యుల తరఫు సభ్యులు తప్పనిసరి. 2013 నుంచి మందుల ట్రయల్స్ చూసే కమిటీలు నమోదు చేయించుకోవాలి. 2019 నియమాలతో మిగతా ఆరోగ్య పరిశోధనలు చూసే కమిటీలూ నమోదు పరిధిలోకి వచ్చాయి. చిన్న ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే క్లినికల్ ట్రయల్ కోసం అదే నగరంలో గానీ యాభై కిలోమీటర్ల లోపు గానీ ఉన్న మరో నమోదైన కమిటీ ఆమోదం తెచ్చుకోవచ్చు. బార్డోలీ నుంచి సూరత్ ఆ దూరం లోపే ఉంది. నియమం మంచిదే. కానీ ఆ యాభై కిలోమీటర్ల నియమం పెట్టింది కమిటీ ఆ చోటికి వచ్చి చూడగలగాలని. సూరత్‌లో కూర్చున్న సభ్యులు ఈ పొలాలను, చెరకు కూలీలు దిగే ఈ పడావులను చూడకుండానే ముద్ర వేస్తే యాభై అయినా అయిదు వందలైనా ఒకటే.

మన విద్యార్థిని లెప్టోస్పైరోసిస్ ప్రతిపాదన మీద నేనైతే ఏం అడుగుతాను? పొలంలో పనిచేస్తున్న హళపతి కూలీని కలవడానికి నీకు దారి చూపేది ఎవరు? పొలం యజమానే అయితే, ఆయన గట్టు మీద నిలబడి చూస్తుంటే ఆ కూలీ నీకు చెప్పే జవాబు ఆయన కోసం చెప్పిన జవాబు. జ్వరం వచ్చినా పనికి రమ్మన్నారా అని నీ ప్రశ్నావళిలో ఉందా? ఉంటే దానికి నిజం చెప్పినవాడికి రేపు పని ఉంటుందా? ఇంటి దగ్గర, సాయంత్రం, ఆ వాడలోని ఒక మనిషి తోడుగా కలవడం కుదరదా? రెండో రక్తం కోసం రెండు వారాలకు వస్తానన్నావు, ఆ రోజు కూలీ పోతే ఎవరిస్తారు? పోయిన కూలీ, దారి ఖర్చు ఇవ్వడం న్యాయం. అంతకు మించి డబ్బు చూపించి లాగడం కూడదు. ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పడం సులభం కాదు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద స్త్రీలను మందుల పరీక్షల కోసం హైదరాబాద్ తీసుకువెళ్ళిన వ్యవహారం బయటపడ్డప్పుడు, వాళ్ళను బస్సెక్కించింది డబ్బు అవసరమే. కాగితాల మీద సంతకాలున్నాయి. అప్పుల్లో ఉన్న ఇల్లాలికి కొన్ని వేల రూపాయలు చూపిస్తే ఆమె వద్దనగలదా అన్న ప్రశ్న మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

చెరకు కొట్టేవాళ్ళ సంగతి ఇంకా కష్టమైంది. వానలు వెనకబట్టాక డాంగ్ నుంచి, మహారాష్ట్ర ధులే, నందుర్‌బార్ జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు ఇక్కడి చక్కెర మిల్లుల తోటలకు వస్తాయి. భార్యాభర్తలు కలిసి ఒక కోయితా, అంటే ఒక జంట కూలీ లెక్క. కూలీలను కుదిర్చే మేస్త్రీ, ముకాదం, ముందే ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. ఆ అప్పు తీరేదాకా వాళ్ళ రోజు, వాళ్ళ రాత్రి అతని చేతిలో ఉంటాయి. గర్భిణి కట్ట ఎత్తి లారీకి వేస్తుంది. ఈ స్త్రీల రక్తహీనత మీద, గర్భస్రావాల మీద అధ్యయనం జరగాల్సిందే. జరగకపోతే వాళ్ళ కష్టం ఎవరి లెక్కలోకీ రాదు. కానీ ముకాదంను అడిగితే అరగంటలో ముప్పై మందిని వరసగా నిలబెడతాడు. ఖమ్మం హాస్టల్ వార్డెన్ చేసిందీ అదే. సమాజ పెద్ద అనుమతి వ్యక్తి అంగీకారానికి బదులు కాదని 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ముకాదం సమాజ పెద్ద కూడా కాదు, అప్పిచ్చినవాడు. అతన్ని దాటి ఆ స్త్రీల దగ్గరికి వెళ్ళే దారి ఏదో ప్రొటోకాల్‌లో రాయలేకపోతే, ఆ దారి దొరికేదాకా ఆ ప్రతిపాదనను వెనక్కి పంపాలని నా అభిప్రాయం. నాతో ఎథిక్స్ కమిటీల్లో పనిచేసిన కొందరు సభ్యులు దీన్ని మరీ కఠినం అంటారు. అలాగైతే వాళ్ళ మీద పరిశోధనే జరగదంటారు. జరిగిన చోట్లున్నాయి. కూలీల సంఘాలు, వాళ్ళ పిల్లల కోసం పడావుల్లో బడి నడిపేవాళ్ళు, ఊళ్ళో వాళ్ళ సొంత ఆశా కార్యకర్తలు, ఇలాంటివారి ద్వారా వెళ్ళవచ్చు. ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఇంకో రకం చిక్కు. ఈ జిల్లాల చౌధరీ, గామిత్, వసావా వంటి ఆదివాసీల్లో అది ఎక్కువ. గుజరాత్ 2006 నుంచే దానిమీద కార్యక్రమం నడుపుతోంది, 2023లో జాతీయ మిషన్ వచ్చింది. ఒక పిల్లకు పరీక్ష చేస్తే ఆ ఫలితం ఆమె అమ్మ గురించి, అక్క గురించి కూడా ఏదో చెబుతుంది. రేపు పెళ్ళి సంబంధాల్లో ఆ ఫలితం రాసిన కార్డు అడ్డు రావచ్చు. పరిశోధన పేరుతో ఒక తెగ మొత్తం మీద రోగం ముద్ర పడవచ్చు. పత్రంలో సూది గుచ్చితే కొద్దిగా నొప్పి అని రాసి, ఈ నష్టం రాయకపోతే ఆ పత్రం నిజం చెప్పనట్టే. సూరత్‌లో మన తెలుగువాళ్ళ మాటా ఇంతే. కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి వచ్చి పవర్‌లూమ్ షెడ్లలో తరాలుగా బతుకుతున్నారు. ఆ చప్పుడుకు చెవులు పోతాయి. వినికిడి పరీక్షల అధ్యయనం పెడితే, ఫలితాలు సేఠ్ బల్ల మీదికి వెళితే, చెవి మందగించిన కార్మికుడు మగ్గం పోగొట్టుకుంటాడు. ఫలితం ఎవరి దగ్గర ఉంటుంది, తాళం ఎవరి చేతిలో అని కమిటీ అడగాలి. ఆ సమాచార పత్రం తెలుగులోనూ ఉండాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్న ఊరు అది, తెలుగులో చదివి చెప్పేవాళ్ళు దొరకరనే మాట చెల్లదు.

ఈ సభ ఒక డాక్టరుగారి జ్ఞాపకార్థం జరుగుతోంది. ఆయన దగ్గరికి ఒకసారి కొందరు పరిశోధకులు వచ్చారట. ఆయన దవాఖానా రిజిస్టర్లు ఇరవై ఏళ్ళవి అడిగారు. జ్వరాల మీద గొప్ప సమాచారం అది. ఆయన ఇవ్వలేదు. ఈ రోగులు నాకు చెప్పుకున్నారు, మీకు చెప్పుకోలేదు అన్నారట. ఈనాటి నియమాల ప్రకారం పేర్లు తీసేసిన పాత రికార్డులను, ప్రతి రోగినీ వెతికి అడగకుండానే వాడుకోవడానికి కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. అది మంచి నియమమే, లేకపోతే ఎంతో ఉపయోగపడే పని ఆగిపోతుంది. కానీ ఆ నిర్ణయం పరిశోధకుడిది కాదు, డాక్టరుది కూడా కాదు. ఇద్దరికీ చెందని మనుషులు కూర్చుని తీసుకోవాలి. డాక్టరుగారు ఒంటరిగా మోసిన బాధ్యతను మోయడానికే కమిటీ అనేది పుట్టింది.

పరిశోధకుల పక్షాన కూడా మాట్లాడాలి. నెలల తరబడి సమావేశం పెట్టని కమిటీలున్నాయి. మొదటి సారి కామాలు, రెండోసారి పేజీ నంబర్లు, మూడోసారి బడ్జెట్‌లో స్టేషనరీ అడిగి, ఒక పీజీ విద్యార్థి చదువు కాలం కరిగించే కమిటీలున్నాయి. విద్యార్థులు దాన్ని దాటవలసిన గేటుగా చూడడం మొదలుపెడతారు. ఇంటర్నెట్ నుంచి ఎవరిదో అంగీకార పత్రం దించి పేర్లు మార్చి పెడతారు. ఆ తప్పులో సగం కమిటీల్లో కూర్చునే మనదే. దరఖాస్తు చేసిన పిల్లలను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మీరు కలవబోయే మనిషి ఎలా బతుకుతుందో చెప్పమని అడిగితే ఆ అరగంటలో తేలేది ఆరు ఉత్తరాల్లో తేలదు. ఆమోదం ఇచ్చాక కూడా పని ఉంది. దుష్ప్రభావాలు, ప్రొటోకాల్ మార్పులు, ఏటా పురోగతి నివేదిక, కావాలంటే చోటుకు వెళ్ళి చూడడం. ఖమ్మంలో లేకపోయింది ఇదే.

పరిశోధన అయ్యాక ఏం తేలిందో పాల్గొన్నవాళ్ళకు చెప్పడం మన దగ్గర దాదాపు జరగదు. వ్యాసం అచ్చయితే చాలనుకుంటాం. లెప్టోస్పైరోసిస్ అధ్యయనం చేసిన విద్యార్థిని మరుసటి వానాకాలం మొదలుకాకముందే ఆ వాడకు వెళ్ళి, బిళ్ళ మింగినవాళ్ళలో ఇంత తగ్గింది, మింగనివాళ్ళలో ఇలా ఉంది అని వాళ్ళ భాషలో చెప్పాలి. ఆ ఖర్చును బడ్జెట్‌లోనే రాయమని కమిటీ అడగవచ్చు. అడగాలి.

చివరగా, ఈ సభను ఏర్పాటు చేసినవారిలో ఇక్కడి కాలేజీల బాధ్యులున్నారు కనక ఒక మాట. కమిటీలో సామాన్యుల తరఫు సభ్యత్వం రిటైరైన బ్యాంకు మేనేజరుకో, ట్రస్టు సభ్యుడి స్నేహితుడికో వెళ్ళడం నేను చాలాచోట్ల చూశాను. వాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ జీవితంలో ఎన్నడూ ముకాదంకు జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈసారి కమిటీ పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఆ స్థానంలో హళపతి వాడ నుంచి చదవడం వచ్చిన ఒక స్త్రీని తీసుకోండి. ఇంగ్లీషు పత్రాలను ఆమెకు గుజరాతీలో చెప్పే మనిషిని పెట్టండి. సమావేశం రోజు పొలం పని పోతుంది కనక ఆ రోజు కూలీ, దారి ఖర్చు కమిటీ ఖాతా నుంచి ఇవ్వండి. మధ్యాహ్నం మూడింటికి కాకుండా ఆమెకు వీలైన వేళ సమావేశం పెట్టండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఇప్పుడున్న నియమాలే చాలు. వచ్చే చెరకు సీజను లోపల ఇది జరిగితే నాకు ఒక ఉత్తరం రాయండి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో అందులో రాయండి.